ఓటు వేయకపోతే పర్వాలేదట, ఉత్తరానికి జవాబివ్వకపోతే వెయ్యి పౌండ్లట! (యూకే ఓటర్ల నమోదు)

ఓరుగల్లు:
కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) నుంచి వచ్చే ఈ ఓటరు నమోదు కాగితం కథేందో ఒకసారి తేల్చుదాం. ఈ దేశంల ఓటేయడం తప్పనిసరి కాదు. గానీ జాబితా కోసం పంపిన ఫారానికి జవాబియ్యకపోతే 1000 పౌండ్ల దాకా జరిమానా అని బెదిరిస్తరు. ఇండియా పాస్‌పోర్టుతోని, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నోళ్లకు ఇక్కడి ఎలక్షన్‌తోని ఏం పని? పైగా ఆన్‌లైన్‌ల జవాబిచ్చినంక మళ్లొక ఉత్తరం దిగుతది. అందుల 1000 కాదు, 80 పౌండ్లంటరు. ఏది నిజం? ఇల్లు ఖాళీ చేసి పోయినోడి పేరు మీద వచ్చే ఉత్తరాలు వేరే. మన గ్రూపుల్ల దీని మీద తిట్లే గానీ సమాధానం లేదు. తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి.

కాగితాలపులి:
తిట్లు సరే గానీ, రెండు వేరు వేరు ఉత్తరాలను ఒకటే అనుకోవడం వల్లే సగం తలనొప్పి వస్తోంది. విడదీసి చెబుతా.

మొదటిది ఇంటికి వస్తుంది, మనిషికి కాదు. ఏటా జులై నుంచి మొదలయ్యే వార్షిక కాన్వాస్, అంటే ఇంటింటి ఓటర్ల వివరాల సేకరణ, ఇది. డిసెంబరు 1 నాటికి కొత్త జాబితా అచ్చు వేయాలి కాబట్టి ఆ లోపు ప్రతి చిరునామానూ సరిచూస్తారు. 2020 నుంచి పద్ధతి మారింది. ముందు కౌన్సిల్ తన జాబితాను డీడబ్ల్యూపీ (పని, పింఛన్ల శాఖ) రికార్డులతో పోల్చి చూస్తుంది. మీ ఇంట్లో అందరి వివరాలూ కలిస్తే వచ్చేది మామూలు సమాచారం ఉత్తరం. పేర్లు సరిగ్గా ఉంటే ఏమీ చేయక్కర్లేదని అందులోనే ఉంటుంది. ఒక్క పేరు కలవకపోయినా వచ్చేది కాన్వాస్ ఫారం. దీనికి జవాబు చట్టరీత్యా తప్పనిసరి. 1000 పౌండ్ల మాట దీనిదే.

రెండోది మనిషి పేరు మీద వస్తుంది: 'మీరు ఓటరుగా నమోదు చేసుకోండి' అనే ఆహ్వానం. 80 పౌండ్ల మాట దీనిది.

కాన్వాస్ ఫారంలో కొత్త పేరు రాసినంత మాత్రాన ఆ మనిషి ఓటరు అయిపోడు. ఇక్కడే అందరూ బోల్తా పడేది. 2014 దాకా ఇంటి పెద్ద ఒక్కరే అందరి పేర్లూ రాసిస్తే సరిపోయేది. ఆ ఏడాది నుంచి ఎవరి దరఖాస్తు వాళ్లే పెట్టుకోవాలి. ఫారంలో పేరు రాయడం అంటే 'ఈ ఇంట్లో ఫలానా వారున్నారు, వాళ్లను అడగండి' అని చెప్పడమే. అందుకే జవాబిచ్చిన పది రోజులకో ఇరవై రోజులకో ఆ కొత్త పేరు మీద ఇంకో ఉత్తరం వస్తుంది. అది గుర్తుచేసే ఉత్తరం కాదు, అసలు ఉత్తరం.

గోదారోడు:
పులి గారు బాగా చెప్పారండి. మన వాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇంకోటుంది. ఫారంలో 'ఈ ఇంట్లో అర్హులెవరూ లేరు' అనే గడి ఉంటుంది కదా, అందులో టిక్కు పెట్టి 'భారతీయులం, వీసా మీద ఉన్నాం' అని రాసి పంపేస్తారు. పని అయిపోయిందనుకుంటారు. అది తప్పు సమాచారమండీ.

ఇండియా కామన్వెల్త్ దేశం. ఇక్కడ ఉండటానికి అనుమతి ఉన్న కామన్వెల్త్ పౌరులందరికీ ఓటు హక్కుంది. స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్, డిపెండెంట్, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి), ఏదైనా సరే. స్థానిక ఎన్నికలకే కాదు, పార్లమెంటు ఎన్నికలకూ. ఫ్రాన్సు వాడికో జర్మనీ వాడికో పార్లమెంటు ఓటు లేదు, మనకుంది. చాలామంది నమ్మరు గానీ నిజం. 1918 చట్టం ఓటును బ్రిటిష్ ప్రజలకిచ్చింది, అప్పట్లో ఆ మాటలో వలస దేశాల వాళ్లూ ఉన్నారు, ఆ తాడు ఇంతవరకూ తెగలేదు. దాదాభాయి నౌరోజీ 1892లో ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి 5 ఓట్ల తేడాతో ఎంపీ అయింది కూడా ఆ బంధంతోనే.

కాబట్టి 'వీసా మీదున్నాం' అన్నది అర్హత లేకపోవడానికి కారణం కాదు. ఆరు నెలల విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల పేర్లు మాత్రం రాయకూడదు. వాళ్లు చూడటానికి వచ్చిన వాళ్లు, ఇక్కడ కాపురం ఉన్నవాళ్లు కారు.

ఓరుగల్లు:
హక్కుందని తెలిసింది, సంతోషం. హక్కును ఫైన్ పెట్టి అంటగట్టుడేంది అన్నా? కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి పన్ను) బిల్లు పేరు తప్పు లేకుండ ఏటా పంపుతరు. ఎన్ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) నంబర్ సర్కారు దగ్గర్నే ఉంది. వీసా రికార్డు హోమ్ ఆఫీస్ దగ్గరుంది. అన్నీ పెట్టుకొని 'ఇంట్ల ఎవరున్నరు చెప్పు, లేకుంటే కోర్టు' అనుడు సోమరితనం కాదా?

తేమ్స్‌గట్టు:
ఆ కోపంలో న్యాయం ఉంది. నేను కాదనను. కానీ ఆ రికార్డులతో పని ఎందుకు జరగదో కూడా చూడాలి.

కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు మీద ఉండేది పన్ను కట్టాల్సిన వాళ్ల పేర్లే. ఒక గదిలో అద్దెకున్న నలుగురు కుర్రాళ్ల పేర్లు దాని మీద ఉండవు. డీడబ్ల్యూపీ దగ్గర ఎన్ఐ నంబరు ఉంటుంది గానీ చిరునామా చాలాసార్లు పాతదే. ఇల్లు మారినప్పుడు బ్యాంకుకు చెబుతాం, డ్రైవింగ్ లైసెన్సు మారుస్తాం, డీడబ్ల్యూపీకి ఎవరు చెబుతారు? పౌరసత్వం వివరం ఈ రెండింటిలోనూ నమ్మకంగా దొరకదు. మూడు చోట్లా మూడు ముక్కలున్నాయి. కలిపి కుట్టే పని మనకు వదిలేశారు.

ఫలితం అంకెల్లో కనబడుతోంది. 2022 డిసెంబరు నాటి జాబితాల మీద ఎలక్టోరల్ కమిషన్ చేసిన పరిశీలనలో గ్రేట్ బ్రిటన్ స్థానిక ఎన్నికల జాబితా 86 శాతమే సంపూర్ణం. సొంత ఇల్లున్న, అప్పు తీరిన వాళ్లలో 95 శాతం జాబితాలో ఉంటే, ప్రైవేటు అద్దె ఇళ్లలో 65 శాతమే. మన వాళ్లలో ఎక్కువమంది ఏ గంపలో ఉంటారో చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్ల ఫైన్ బెదిరింపు ఆ 65ను పెంచలేకపోయింది. దీని మీద అడగాల్సింది అదీ.

పక్కింటిపులుసు:
ఇంత చర్చ అనవసరం బ్రో. ఆ కాగితం రీసైక్లింగ్ డబ్బాలో వేయండి. ఎవరికీ ఫైన్ పడినట్టు ఎక్కడా కనబడదు. అది అదిలింపు మాత్రమే.

కాగితాలపులి:
పులుసు గారూ, మీరన్న దాంట్లో సగం నిజమే. 1000 పౌండ్లు కౌన్సిల్ తనంతట తాను వేసే చలానా కాదు. అది నేరం కింద లెక్క. మెజిస్ట్రేట్ కోర్టులో కేసు వేసి రుజువు చేస్తేనే జరిమానా. కోర్టు దాకా వెళ్లేవి అరుదు. ఆ మొత్తం కూడా 'అంత వరకు' మాత్రమే, కచ్చితంగా అంత అని కాదు.

80 పౌండ్ల దారి వేరు. అది సివిల్ పెనాల్టీ, కోర్టు అక్కర్లేదు, నమోదు అధికారే వేయొచ్చు. కాకపోతే నేరుగా వేయడానికి లేదు. ముందు ఆహ్వానం పంపాలి. తర్వాత రెండు రిమైండర్లు. కనీసం ఒకసారి మనిషిని ఇంటికి పంపాలి. ఇవన్నీ అయ్యాక 'ఫలానా తేదీలోగా దరఖాస్తు పెట్టాలి' అని లిఖితపూర్వకంగా నోటీసివ్వాలి. ఆ తేదీలోగా దరఖాస్తు పెట్టేస్తే పెనాల్టీ లేదు. పెట్టకపోతే అప్పుడు 80. దాని మీద సమీక్ష అడగొచ్చు, ఆపైన ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఇన్ని మెట్లు దాటి మరీ 80 కట్టడానికి నిజంగా పట్టుదల కావాలి.

కానీ డబ్బాలో వేస్తే వచ్చే చిక్కు ఫైన్ కాదు. జవాబు రాని ఇల్లు వాళ్ల లెక్కలో తెరిచే ఉంటుంది. మళ్లీ ఫారం, ఫోను, చివరికి గుమ్మం ముందు టాబ్లెట్ పట్టుకుని ఒక మనిషి. ఒక ఇంటికి మూడుసార్లు కదపాలి, అందులో ఒకటి మనిషి రావడమో ఫోను చేయడమో అయ్యుండాలి అన్నది వాళ్ల నియమం. మీరు కోపంగా పారేసిన ప్రతి కాగితానికీ ఇంకోటి పుడుతుంది. రెండు నిమిషాల్లో 'మార్పు లేదు' అంటే ఆ ఏడాదికి పీడ విరగడ.

షేరింగ్‌రూమ్:
ఒక ఇంట్లో ఆరుగురు అద్దెకుంటే ఎవరు జవాబివ్వాలండీ? ఉత్తరం మీద ఎవరి పేరూ ఉండదు, 'ఇంట్లో ఉండేవారికి' అని ఉంటుంది. అందరూ ఓనర్ పని అనుకుంటారు. ఓనర్ ఇంకో ఊళ్లో ఉంటాడు.

కాగితాలపులి:
ఓనర్ పని కాదండీ. ఆ ఇంట్లో ఉండని ఓనర్‌కు దాంతో సంబంధం లేదు. ఉండేవాళ్లలో ఎవరైనా ఒకరు ఇస్తే చాలు, ఆరుగురూ ఇవ్వనక్కర్లేదు. యూనివర్సిటీ హాళ్లు, కేర్ హోమ్‌లు, కొన్ని పెద్ద షేరింగ్ ఇళ్లకు కౌన్సిల్ వేరే దారి పెడుతుంది. అక్కడ మేనేజర్ లాంటి బాధ్యుడిని అడిగి జాబితా తీసుకుంటారు. మామూలు మూడు గదుల టెర్రస్ ఇంటికి అది వర్తించదు.

చేసే పద్ధతి: ఫారం మీద రెండు భాగాల సెక్యూరిటీ కోడ్ ఉంటుంది. దానిమీద ఇచ్చిన వెబ్‌సైట్‌లో ఆ రెండూ కొట్టాలి. గూగుల్‌లో వెతికి వచ్చిన మొదటి లింకులోకి పోవద్దు. ముందే అచ్చు వేసిన పేర్లు వస్తాయి. వెళ్లిపోయిన వాళ్ల పేర్లు తీసేయండి. ఇదే ముఖ్యం, పాత అద్దెదారుల పేర్లతో ఉత్తరాలు ఆగాలంటే మందు ఇదే. కొత్తగా వచ్చిన వాళ్ల పేర్లు, పౌరసత్వం చేర్చండి. ఇంగ్లండ్‌లో 16 ఏళ్లు, స్కాట్లండ్, వేల్స్‌లో 14 ఏళ్లు దాటిన వాళ్లందరినీ రాయాలి, ఓటు 18కో 16కో వచ్చినా సరే. చాలామంది పదహారేళ్ల పిల్లాడిని వదిలేస్తారు. కాగితం ఫారం పంపేవాళ్లు సంతకం మరిచిపోతారు. అది తిరిగి మొదటికొస్తుంది.

మార్పేమీ లేకపోతే చాలా కౌన్సిళ్లు ఎస్ఎంఎస్‌తోనో ఆటోమేటిక్ ఫోన్ లైన్‌తోనో తీసుకుంటాయి. ఇంట్లో ఒక్క పేరు మారినా ఆ దారి పనికిరాదు. ఆన్‌లైన్‌కో కాగితానికో రావాల్సిందే.

గోదారోడు:
ఒక చిన్న సంగతి. బ్యాంకు వివరాలు, కార్డు నంబరు అడిగితే అది కౌన్సిల్ కాదండోయ్. నమోదు పూర్తిగా ఉచితం. 'ఓటరు నమోదు ఫీజు' అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి.

షేరింగ్‌రూమ్:
థాంక్సండీ. మరి మనిషి పేరు మీద వచ్చే రెండో ఉత్తరానికి ఏం చేయాలి? ఎన్ఐ నంబర్ లేని స్టూడెంట్లున్నారు.

తేమ్స్‌గట్టు:
ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్.యూకేలో రిజిస్టర్ టు వోట్ పేజీ. పేరు, పుట్టిన తేదీ, పౌరసత్వం, చిరునామా, ఎన్ఐ నంబరు. అయిదు నిమిషాల పని. ఎన్ఐ నంబరంటే రెండక్షరాలు, ఆరంకెలు, చివర ఒక అక్షరం. అది పే స్లిప్ మీదే ఉంటుంది. లేనివాళ్లు లేదని చెప్పి కారణం రాయొచ్చు. అప్పుడు కౌన్సిల్ పాస్‌పోర్టు లాంటి పత్రం నకలు అడుగుతుంది. ఎన్ఐ నంబరు లేకపోతే అర్హత లేదన్న పుకారు నమ్మొద్దు.

అదే దరఖాస్తులో 'ఓపెన్ రిజిస్టర్' అని ఒక ప్రశ్న ఉంటుంది. దాన్ని చదవకుండా ముందుకెళ్లకండి. జాబితాలు రెండు. పూర్తి జాబితా ఎన్నికలకు, క్రెడిట్ సంస్థలకు, జ్యూరీ పిలుపులకు. దాన్ని చూడాలంటే అధికారి కళ్ల ముందు కూర్చుని చేత్తో రాసుకోవాల్సిందే, ఫోటో తీయడానికి లేదు. ఓపెన్ రిజిస్టర్ మాత్రం డబ్బు కట్టిన ఎవరికైనా అమ్ముతారు. వద్దు అని టిక్కు పెట్టొచ్చు, ఓటుకు ఏ నష్టమూ లేదు. చెత్త ఉత్తరాల మీద కోపమున్న వాళ్లు ముందు చూసుకోవాల్సిన గడి అది.

ఓటు మీద ఆసక్తి లేకపోయినా జాబితాలో ఉండటం వల్ల ఒక లాభం ఉంది. మన అప్పుల చరిత్ర లెక్కగట్టే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ సంస్థలు మీ చిరునామాను దీంతో సరిచూస్తాయి. మార్ట్‌గేజ్‌కు, ఫోన్ కాంట్రాక్టుకు దరఖాస్తు పెట్టే ముందు కొందరు పరిగెత్తి నమోదు చేసుకునేది అందుకే.

ఓరుగల్లు:
అంటే ఓటు కోసం కాదు, క్రెడిట్ కోసం! ఇది చెప్పకుండ ఫైన్ ముందు పెడతరు, అదే తప్పు అంటున్న.

యారాతీరం:
ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి. మీది సగం నిర్బంధం. మాది పూర్తి నిర్బంధం. ఇక్కడ నమోదు 1911 నుంచి, ఓటు వేయడం 1924 నుంచి తప్పనిసరి. ఫెడరల్ ఎన్నికలో సరైన కారణం లేకుండా ఓటు మానితే 20 డాలర్లు. రాష్ట్రాల ఎన్నికలకు వేరే మొత్తాలున్నాయి. నమోదు పౌరులకే. కాబట్టి పీఆర్ మీదున్న తెలుగువాళ్లకు ఏ ఉత్తరమూ రాదు. సిటిజన్‌షిప్ కార్యక్రమం రోజునే ఫారం చేతికొస్తుంది.

చట్టంలో ఒక మంచి మాట ఉంది. ఆలస్యంగానైనా మీ అంతట మీరు నమోదు దరఖాస్తు పెడితే, అంతకుముందు పెట్టనందుకు కేసు వేయరు. పట్టుకోవడం కన్నా లోపలికి రప్పించడం ముఖ్యమనుకున్నారు. పైగా 2012 నుంచి ఎన్నికల సంస్థ ఇతర ప్రభుత్వ రికార్డులు చూసి తానే నమోదు చేసి, 'చేశాం, తప్పుంటే చెప్పండి' అని ఉత్తరం రాస్తుంది. మీ కౌన్సిళ్లు కూడా ఆ పని చేస్తే ఈ చర్చే ఉండేది కాదు.

తేమ్స్‌గట్టు:
ఆ దారిలోనే వెళుతున్నారు, మెల్లగా. వేల్స్ 2024లో స్థానిక ఎన్నికల కోసం ఆటోమేటిక్ నమోదుకు చట్టం చేసి కొన్ని కౌన్సిళ్లలో ప్రయోగం పెట్టింది. 2025 జులైలో యూకే ప్రభుత్వం 16 ఏళ్లకు ఓటు, దాంతోపాటు నమోదును ఆటోమేటిక్ వైపు తీసుకెళ్తామని ప్రణాళిక ప్రకటించింది. అయితే రికార్డుల్లో పౌరసత్వం స్పష్టంగా లేని కామన్వెల్త్ వాళ్లను ఆ యంత్రం సరిగ్గా పట్టుకుంటుందా అన్నది చూడాలి. మన పేర్లు తేలిగ్గా జారిపోయే చోటు అదే.

క్లైడ్ఒడ్డు:
స్కాట్లండ్ వాళ్లకు ఒక సవరణ. ఇక్కడ ఉత్తరం చాలా చోట్ల కౌన్సిల్ పేరుతో రాదు, వాల్యుయేషన్ జాయింట్ బోర్డు పేరుతో వస్తుంది. ఇదేదో ఇంటి పన్ను కాగితమనుకుని పక్కన పడేస్తారు. నార్తర్న్ ఐర్లండ్‌లో ఏటా కాన్వాస్ లేనే లేదు, అక్కడ పద్ధతే వేరు.

పక్కింటిపులుసు:
సరే ఒప్పుకున్నా. కానీ ఇక్కడ ఓటరైతే ఇండియా పాస్‌పోర్టుకు, ఊళ్లో ఓటుకు ఇబ్బంది రాదా? అసలు భయం అది.

కాగితాలపులి:
పాస్‌పోర్టుకు ఏమీ కాదు. భారత పౌరసత్వం పోయేది వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే. ఓటరు జాబితాలో చేరడం పౌరసత్వం తీసుకోవడం కాదు. ఇక్కడి చట్టం మీకు ఓటు ఇస్తున్నదే భారతీయుడన్న హోదాలో.

ఊళ్లో ఓటు సంగతి వేరు. ఇండియాలో మామూలు ఓటరు జాబితా అక్కడ సాధారణంగా నివసించే వాళ్లది. విదేశంలో ఉంటూ భారత పౌరుడిగా ఉన్నవాళ్లకు 2010 సవరణతో ప్రవాస ఓటరు వర్గం వచ్చింది, ఫారం 6ఏ. పాస్‌పోర్టులో ఉన్న ఊరి చిరునామా మీద పేరు చేరుతుంది. ఓటేయాలంటే ఒరిజినల్ పాస్‌పోర్టుతో ఆ పోలింగ్ బూత్‌కు స్వయంగా వెళ్లాలి. ప్రవాస ఓటరుకు ఓటరు కార్డు ఇవ్వరు. లండన్లో కాపురం ఉంటూ 'గుంటూరులోనే నివాసం' అని మామూలు ఫారం 6 పెడితే తప్పుడు ప్రకటన అవుతుంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలో, జరిమానానో, రెండూనో. చిత్రం చూడండి, అక్కడ మౌనంగా ఉంటే ఫైన్ లేదు, అబద్ధం చెబితే ఉంది. ఇక్కడ మౌనానికీ ఉంది.

గోదారోడు:
ఇక్కడ అబద్ధానికి కూడా ఉందండీ, ఆరు నెలల వరకు జైలు. అందుకే ఇందాక ఆ 'అర్హులు లేరు' గడి గురించి చెప్పాను.

షేరింగ్‌రూమ్:
ఆఖరి ప్రశ్న. దరఖాస్తు పెట్టాక 'మీ వివరాలు ధృవీకరించలేకపోయాం' అని ఈమెయిల్ వస్తోంది. తిరస్కరించినట్టా?

కాగితాలపులి:
కాదు. మన పేర్లతో ఇది మామూలే. దరఖాస్తులోని పేరు, పుట్టిన తేదీ, ఎన్ఐ నంబరు ముందు డీడబ్ల్యూపీ రికార్డుతో పోలుస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఇంటిపేరు గడిలో ఉంటుంది, ఎన్ఐ రికార్డులో అది ముందుకొచ్చి అసలు పేరు వెనక్కి పోయి ఉంటుంది. లేదా 'వెంకట సాయి'ని ఒకచోట కలిపి, ఇంకోచోట విడదీసి రాసుంటారు. కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. అప్పుడు కౌన్సిల్ తన దగ్గరున్న రికార్డులు చూస్తుంది. అదీ కుదరకపోతే పత్రం అడుగుతుంది. ఆ ఈమెయిల్ అదే. పాస్‌పోర్టు ఫోటో పేజీ నకలు పంపితే సాధారణంగా అక్కడితో తేలుతుంది. అంతకీ కుదరకపోతే బంధువు కాని ఇంకో ఓటరుతో సంతకం పెట్టించే దారి కూడా ఉంది.

దరఖాస్తు పెట్టేటప్పుడే ఎన్ఐ నంబరు ఉత్తరం పక్కన పెట్టుకుని అందులో పేరు ఏ వరసలో, ఎన్ని ముక్కలుగా ఉందో చూసి, గడుల్లో పేరు, ఇంటిపేరు తారుమారు కాకుండా నింపండి. బూత్‌లో చూపించే ఫోటో ఐడీ మీది పేరుతో కూడా అది కలవాలి. ఇండియా పాస్‌పోర్టు చెల్లుతుంది, గడువు తీరినా ఫోటోలో మనిషి మీలాగే ఉంటే చాలు. ఎన్నికలున్నప్పుడైతే పోలింగ్‌కు 12 పని దినాల ముందే గడువు ముగుస్తుంది. 2024 జులై 4 ఎన్నికకు అది జూన్ 18. ఈమెయిల్ ఆ ముందు రోజు వస్తే కంగారు పడకండి, దరఖాస్తు గడువులోపు పెడితే పత్రం ఆ తర్వాత పంపొచ్చు. కానీ మరీ నానబెట్టకండి.

ఓరుగల్లు:
మంచిది పులి అన్నా. ఫారం ఇయ్యాలే నింపుతరు మనోళ్లు. ఓపెన్ రిజిస్టర్ గడి కాడ మాత్రం 'వద్దు' అని కొట్టుండ్రి.